చిటికెన వేలు

చిటికెన వేలికి మన ఇళ్ళలో పెద్ద పనేమీ ఉండదు. ముగ్గు వెయ్యడానికి బొటనవేలూ చూపుడువేలూ, అప్పడం ఒత్తడానికి అరచెయ్యీ కావాలి గాని దీని అవసరం ఎవరికి? పెళ్ళినాడు కొంగుముడి వేశాక ఆయన చిటికెన వేలు పట్టుకుని నడిచాం చూడండి, దాని వైభవం ఆ ఒక్కరోజే.

యాభై దాటాక వీణ ముందు కూర్చున్న నాకు మళ్ళీ దానితో పని పడింది.

వీణకి తీగలు ఏడు. నాలుగు మెట్ల మీదుగా పోతాయి, పాటంతా వాటి మీదే. పక్కనున్న మూడూ తాళానికి. కుడిచేతి చూపుడువేలూ మధ్యవేలూ పాట తీగల్ని కిందికి మీటుతుంటే, అదే చేతి చిటికెన వేలు పక్క తీగల్ని పైకి మీటాలి. వాళ్ళిద్దరూ ఎంత పరుగెత్తినా ఇది మాత్రం తాళం తప్పకూడదు. ఒక్క చేతిలో రెండు బుద్ధులన్నమాట! నా వేలేమో పక్కవేలు కదిలితే తనూ కదిలేది, వద్దంటే ఉంగరపు వేలితో సహా కొయ్యబారిపోయేది.

ఎదురింటి కుర్రాడు గిటారు నేర్చుకుంటున్నాడు. వాడికి బొటనవేలు లావు తీగల మీద లయ వెయ్యాలట, మిగతా వేళ్ళు పాట వాయించాలట. అమెరికాలో మెర్ల్ ట్రావిస్ అనే ఆయన పేరుతో ఆ పద్ధతి ప్రసిద్ధిట. "నా బొటనవేలూ మాట వినదు పిన్నీ" అన్నాడు. దేశం ఏదైనా చేతివేళ్ళ మొండితనం ఒకటే.

మా మాష్టారు చెప్పిన దారి ఒకటే. పాట మానెయ్యమన్నారు. ఒక్క స్వరం, ఒక్క తాళం, వినేవాళ్ళకి విసుగు పుట్టేంత నెమ్మదిగా. మా కొత్తవలసలో అది కష్టం కాదు. కిరండూల్ నుంచి ఇనుపరాయి మోసుకొచ్చే గూడ్సు ఇక్కడే పెద్ద లైనులో కలుస్తుంది. స్టేషను దగ్గరకొచ్చాక ఆ బరువుబండి నెమ్మదిగా కదిలే చప్పుడుకి నా వేలు సరిగ్గా సరిపోయేది.

"ఏటమ్మా, ఈ వయసులో కచేరీలు చేస్తావేటి?" అంది పక్కింటి వదిన. హాస్యానికే అంది గాని ప్రశ్న చిన్నది కాదు. పెళ్ళిచూపులకని ఆడపిల్ల వీణ నేర్చుకున్న రోజుల్లో ఎందుకని ఎవరైనా అడిగారా? పెళ్ళయ్యాక ఆ వీణకి గుడ్డ చుట్టి అటక ఎక్కించినప్పుడూ అడగలేదు. ఇంకొకరి కోసమైతే విద్య, తన కోసమైతే సరదా!

బీపీ తగ్గుతుందట వదినా, మనసు నెమ్మదిస్తుందట అని చెప్పి తప్పించుకోవచ్చు. నాకది నచ్చదు. మందుబిళ్ళకిచ్చే మర్యాదే వీణకీ ఇచ్చినట్టు. ఎవరికీ నష్టం లేదు అనడమూ అబద్ధమే. మన ఇళ్ళలో ఖాళీగా పడున్న అరగంట ఉందా? నా అరగంట అత్తగారి కాఫీలోంచో, ఆయన టిఫినులోంచో తీసుకున్నదే. అడిగే తీసుకున్నాను. ఎవరికీ ఖర్చు లేని ముచ్చటనే ఆడదానికి ఒప్పుకుంటామంటే, అది ఒప్పుకోవడం ఎలా అవుతుంది?

పైగా నాకు గొప్ప విద్వత్తు వస్తుందనీ కాదు. విజయనగరంలో 1919లో సంగీత కళాశాల పెట్టినప్పుడు మొదటి ప్రిన్సిపాలైన ఆదిభట్ల నారాయణదాసుగారు, రెండు చేతులూ రెండు కాళ్ళూ తలా, ఒక్కోదాంతో ఒక్కో తాళం వేస్తూ పాడేవారని మావైపు ఇప్పటికీ చెప్పుకుంటారు. అలాంటి ఊరికి ఇంత దగ్గరలో ఉండి ఒక్క చిటికెన వేలితో నేను పడే అవస్థ చూస్తే నవ్వొస్తుంది. అయినా నా అరగంట ఆయనతో పోటీకి కాదుగా. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనసదుంగ తొలిచి వీణ చేసే పనివాడు, దాన్ని కొనేది విద్వాంసురాలా కాదా అని కనుక్కుని తొలుస్తాడా?

వేలు దారికొచ్చిన రోజు నాకు తెలియనే లేదు. పప్పులో ఉప్పు వేశానా లేదా అని ఆలోచిస్తూ వాయిస్తున్నాను. చూద్దును గదా, తాళం దానంతటది పడుతోంది. చూశానో లేదో, తప్పింది! ఇంతకీ నేర్చుకున్నది నేనా, వేలా? మాష్టారిని అడిగితే నవ్వి, వచ్చేవారం తానం మొదలుపెడదామన్నారు. అందులో తాళం లెక్క ఉండదట. చిటికెన వేలు మాత్రం ఊరుకోకూడదట.