నాలుగు చక్రాల ధర్మసందేహం

చీర ఎంచుకోవడానికి ఆడవాళ్ళకి మూడు గంటలు పడుతుందని మగవాళ్ళు తరతరాలుగా నవ్వుతూనే ఉన్నారు. నవ్వనివ్వండి! అదే మగవాళ్ళు బండి ఎంచుకోవడం మొదలుపెడితే మూడు నెలలైనా చాలదు. అందులోనూ అది మామూలు కారు కాక, నాలుగు చక్రాలకీ ఇంజను బలం అందే జీపులాంటిదైతే ఇక చెప్పనే అక్కర్లేదు. అన్నం దగ్గరా అదే మాట, నిద్రలోనూ అదే కలవరింత.

మా ఇంట్లో ఇప్పుడా పర్వం నడుస్తోంది. సెలవుల్లో గుడారం వేసుకుని అడవుల్లో గడపాలని మావారికీ, అబ్బాయికీ సరదా పుట్టింది. మంచి సరదాయే, కాదనను. "ఇంటిల్లిపాదీ వెళ్దాం" అన్నారు. నా ఆలోచన ఆ 'ఇంటిల్లిపాదీ' దగ్గరే ఆగిపోయింది. మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, మోకాళ్ళ నొప్పులతో గడప దాటడానికే గోడ పట్టుకునే మా అత్తగారు... ఇదీ మా ఇంటిల్లిపాది. మరి బండిని ఎవరి కొలతతో ఎంచాలి?

అబ్బాయి మనసు 2020లో కొత్త రూపంలో వచ్చిన మహీంద్రా థార్ మీద ఉంది. నేలకీ బండి అడుగుభాగానికీ మధ్య 226 మిల్లీమీటర్ల ఖాళీ ఉందని వాడు పాఠంలా అప్పజెబుతాడు. అంతా బాగానే ఉంది గానీ, అందులో సీట్లు నాలుగే. వెనక కూచోవాలంటే ముందు సీటు వంచి, సందులోంచి దూరాలి. 2023లో వచ్చిన మారుతీ జిమ్నీకి వెనక తలుపులున్నాయి, కానీ అదీ నలుగురికే. "నానమ్మ ఎక్కడ కూచుంటుందిరా?" అన్నాను. "నానమ్మ కూడా వస్తుందా ఏమిటమ్మా?" అని వాడు నిజంగానే ఆశ్చర్యపోయాడు. పక్క గదిలోంచి అత్తగారు, "నాకెందుకే అమ్మా, మీరు హాయిగా వెళ్ళిరండి" అన్నారు. ఆ 'హాయిగా' అనడంలో హాయి ఎంతుందో ఆడవాళ్ళకి వేరే చెప్పాలా?

వాడిది చెడ్డ మనసు కాదు. ఆ బండ్లని మనకి చూపించే తీరే అలాంటిది. బండరాళ్ళెక్కే బండిని చూపిస్తారు, వాగు దాటే బండిని చూపిస్తారు. ముసలావిడ చెయ్యి ఊతంగా ఎక్కి కూచున్న బండిని ఎవరూ చూపించరు. ఏడాదిలో నాలుగు రోజులు ఎదురయ్యే కష్టమైన దారిని బట్టి బలాన్ని లెక్కగడతాం. మిగతా మూడువందల అరవై రోజులూ అందులో ఎక్కి దిగేవాళ్ళు ఆ లెక్కలోకి రారు. కుటుంబం కోసం కొంటున్నామని నోటితో అంటూ, కుటుంబంలో బలమున్నవాళ్ళ కోసమే కొనడం న్యాయమేనా?

ఈ గొడవ పుణ్యమా అని నేనూ నాలుగు సంగతులు తెలుసుకున్నాను. ఇలాంటి బండ్లలో చాలావాటికి, పొడిగా ఉన్న తారురోడ్డు మీద నాలుగు చక్రాల పట్టు వెయ్యకూడదట. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు తిరిగే దూరం వేరు, వెనక చక్రాలు తిరిగే దూరం వేరు. రెంటినీ బిగించి ఒకే వేగంతో తిరగమంటే లోపలి యంత్రానికి ఒత్తిడి. బురదలోనో ఇసుకలోనో అయితే చక్రం కాస్త జారి ఆ తేడాని సర్దుకుంటుంది. ఎంత చక్కటి సంగతి! సంసారంలోనూ కష్టకాలంలో అందరం ఒకే బిగువున లాగాలి. మామూలు రోజుల్లో ఎవరి దూరం వాళ్ళు నడవనివ్వాలి.

ఇంకో సంగతి. నాలుగు చక్రాల బలం బండిని కదిలించడానికే గాని, బ్రేకు వేసినప్పుడు తొందరగా ఆపడానికి కాదు. తడిరోడ్డు మీద ఆగడమన్నది టైర్లనీ, బ్రేకులనీ, నడిపేవాడి బుద్ధినీ బట్టే ఉంటుంది.

ఆ బుద్ధి దగ్గరే నా అసలు సందేహం. వెళ్ళగలిగే చోటల్లా వెళ్ళే హక్కు మనకుందా? 2023 డిసెంబరులో హిమాచల్ ప్రదేశ్‌లోని లాహౌల్‌లో ఒకాయన రోడ్డు వదిలేసి చంద్రా నదిలోంచి బండి నడిపించాడు. పోలీసులు జరిమానా వేశారు. బండికి ఆ శక్తి ఉంది, నిజమే. కానీ నది అతని బండి సత్తా చూపించుకోవడానికి ఉన్నదా?

అంత దూరమెందుకు, మన మన్యంలోనే చూడండి. మారేడుమిల్లి ఘాట్ రోడ్డు మీద మామూలు కార్లూ, బస్సులూ తిరుగుతూనే ఉన్నాయి. జీపు కావలసింది ఆ రోడ్డు దిగి లోపలికి వెళ్ళే మట్టిబాటల్లో. ఆ బాటలు మన సరదా కోసం వేసినవి కావు. వానాకాలంలో నిండు చూలాలిని డోలీలో మోసుకెళ్ళే ఊళ్ళు ఏజెన్సీలో ఇంకా ఉన్నాయి. అలాంటి చోట బురదలో ముందుకు పోగలిగిన జీపు ఒక ప్రాణం, కాదు, రెండు ప్రాణాలు. మనం సరదాకి వెళ్ళి, తడిమట్టిలో చక్రాలు గిరగిరా తిప్పి, మోకాలిలోతు గాళ్ళు చేసి, ఫొటోలు తీసుకుని వచ్చేస్తాం. మర్నాడు ఆ గోతుల్లో అడుగేసేది డోలీ మోసేవాళ్ళు. మనం దాటిన వాగు పక్కనే చెలమ తవ్వుకుని నీళ్ళు ముంచుకునేవాళ్ళూ ఉంటారు.

అందుకని జీపే కొనవద్దని నేననడం లేదు. అడవిని చూసిన పిల్లలకి అడవి మీద ప్రేమ పుడుతుంది. గదిలో కూచోబెట్టి ఆ ప్రేమ నేర్పలేం. నేను మా ఇంట్లో పెట్టిన షరతులు రెండే. అత్తగారు ఎక్కగలిగిన బండే కొనాలి. 2024లో వచ్చిన థార్ రాక్స్‌కి వెనక తలుపులూ, ఐదు సీట్లూ ఉన్నాయి గనక దానిమీద బేరం ఇంకా తెగలేదు. డబ్బు చాలకపోతే మామూలు కారులోనే వెళ్ళి, కారు ఆగిన చోట గుడారం వేసుకుందాం. ఇక రెండోది, తడి ఆరని మట్టిబాట కనిపిస్తే బండి పక్కన పెట్టి నడుద్దాం. నడవలేని వాళ్ళకి తోడుగా ఒకరు బండి దగ్గర ఉండాలి, వంతులవారీగా. ప్రతిసారీ ఆ ఒకరు నేనే కాకూడదు సుమండీ!

మీ ఇంట్లోనూ ఈ పర్వం మొదలైతే, షోరూముకి బయల్దేరేటప్పుడు ఇంట్లో పెద్దావిడని కూడా తీసుకెళ్ళండి. ఎక్కి, కూచుని, మళ్ళీ దిగి చూడమనండి. ఇంజను సంగతులు ఆ తరవాత అడగొచ్చు.