పేరు వ్రాసిన బిళ్ల

చదువవలసిన భాగము: నిర్గమకాండము 28:9–30

అహరోను ధరింపవలసిన ఏఫోదును గూర్చిన అధ్యాయమును మనలో అనేకులము వేగముగా చదివి దాటిపోవుదుము. నీలధూమ్ర వర్ణములు, మెలిపెట్టిన గొలుసులు, జవలు మన వాడుకలోని వస్తువులు కావు. అయితే అందులో ఒక సంగతి యున్నది. రెండు లేతపచ్చలమీద ఇశ్రాయేలు కుమారుల పేరులను ఆరేసి చొప్పున, పుట్టిన వరుసను, ముద్రవలె చెక్కవలెను. యాజకుడు వాటిని భుజములమీద మోయవలెను. రొమ్ముమీది పతకములోని పండ్రెండు రత్నములమీద మరల ఆ పేరులే. ఆ రాళ్లు అలంకారమే, సందేహము లేదు. కాని ఆ రాళ్లమీద అహరోను తన పేరు చెక్కించుకొనలేదు.

క్రిస్మస్ పండుగ దగ్గరపడుచుండగా ఈ భాగము జ్ఞాపకమునకు వచ్చుటకు కారణమున్నది. ఇంటిలోనే చిన్న అలంకారములు చేసి, రంగులు వేసి, వాటిమీద పేరులు వ్రాసి వ్రేలాడదీయుట మనలో కొన్ని కుటుంబములకు ప్రీతియైన పని. ఇది తగునా అని అడుగువారును ఉన్నారు.

యిర్మీయా 10వ అధ్యాయమును చూపి, చెట్టును అలంకరించుటయే తప్పని కొందరు సహోదరులు చెప్పుదురు. ప్రవక్త అక్కడ చెప్పునది మ్రానుతో చేసి, కదలకుండ మేకులతో బిగించి, మ్రొక్కు విగ్రహమును గూర్చి. మనము చెట్టుకు మ్రొక్కుట లేదు. అయినను అప్పుచేసి అలంకరించువారిని చూచినప్పుడు ఆ సహోదరుల భయమును నవ్వి త్రోసివేయరాదు.

పేరును గూర్చిన ప్రశ్న ఇంతకంటె బరువైనది. షీనారు మైదానములో గోపురము కట్టినవారు పేరు సంపాదించుకొనవలెననియే కట్టిరి. తన పేరు నిలువబెట్టుటకు కుమారుడు లేడని అబ్షాలోము తనకు తానే స్తంభము నిలువబెట్టుకొనెను. అంత దూరము పోనేల? మన మందిరములలో బల్లలమీద, గోడగడియారముమీద, ఫంకా రెక్కలమీద దాతల పేరులు వ్రాయబడియున్నవి. ఫంకా తిరుగుచున్నంతసేపు ఆ పేరు కనబడదు. కరెంటు పోయి అందరును చెమటలు క్రక్కునప్పుడు మాత్రము చక్కగా చదువవచ్చును! ఇచ్చినవారిని నొప్పించుటకు ఈ మాట వ్రాయుట లేదు. పేరు వ్రాయుట దానంతట అది మంచిదియు కాదు, చెడ్డదియు కాదు; ఎవరి పేరును ఎవరు వ్రాయుచున్నారో చూడవలెనని మా అభిప్రాయము.

ఇతరుని పేరు వ్రాసిన వస్తువునకు ఒక విచిత్రమైన గుణమున్నది. దానిని మరల అమ్మలేము, వేరొకరికి బహుమానముగా త్రిప్పి యియ్యలేము. లోకములో ఒక్కరికి తప్ప అందరికిని అది పనికిరానిదగును. ఒక్కరి నిమిత్తము ఒక వస్తువును మిగిలిన లోకమంతటికి వెలలేనిదిగా చేసివేయుట ప్రేమ చేయు పనులలో ఒకటి.

చేతితో చేసినది గనుకనే గొప్పదని ఎవరైనను అన్నయెడల మేము ఒప్పుకొనము. జర్మనీ దేశములో తురింగియా కొండలయందు లౌషా అను ఊరున్నది. 19వ శతాబ్దములో అక్కడ పురుషులు ఇండ్లలోనే గాజు గోళములు ఊదుచుండగా స్త్రీలు వాటికి వెండిపూత పెట్టి రంగులు వేసెడివారు. ఆ శతాబ్దాంతమున అవి అమెరికా దుకాణములకు పెట్టెలు పెట్టెలుగా పోయెను. అదియు ఇంటిపనియే, దానివలన కుటుంబములు బ్రదికినవి. అయితే రంగు వేసిన తల్లి తన గోళము ఎవరి యింట వ్రేలాడునో ఎరుగదు. నేడు మన పట్టణములలో డబ్బిచ్చిన కొంచెముసేపటిలోనే పేరు ముద్రించి యిచ్చు యంత్రములున్నవి. ముద్రించువాడు ఎవరి పేరునైనను ఒకే మనస్సుతో ముద్రించును. ఇంటిలో కూర్చుండి వ్రాయువాడు అట్లు చేయలేడు. ఒక్కొక్క అక్షరము దిద్దుచున్నంతసేపు ఆ మనుష్యుడు మనస్సులో నిలిచియుండును.

పనికి ఖర్చు స్వల్పము. చెరువు మట్టిని జల్లించి, మెత్తగా పిసికి, వ్రేలి మందములో సగముండునట్లు బిళ్లలు చేయవలెను. పచ్చిగానున్నప్పుడే దారమునకు రంధ్రము పొడువవలెను. ఎండిన తరువాత పొడిచిన పగిలిపోవును. రెండు మూడు దినములు నీడను ఆరనిచ్చి, ఆ తరువాతనే ఎండలో పెట్టవలెను. తొందరపడినయెడల అంచులు ముందుగా ఎండి బీటలు వారును. కుమ్మరివారు తమ ఆవములో కాల్చి యిచ్చినయెడల మరి మంచిది. సుద్దపొడిని తుమ్మజిగురు నీళ్లలో కలిపి తెల్లని పూత వేయవచ్చును. సున్నము వేసి, తడియారకముందే దానిమీద పసుపు పెట్టినయెడల అది ఎఱ్ఱబారును. పారాణి కలిపిన స్త్రీలకు ఇది తెలిసిన సంగతియే. అక్షరములకు దీపపు మసియు జిగురును చాలును. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు వెదురుపుల్లకు గుడ్డ చుట్టి కలముగా వాడుదురు. మనకును అది అనుకూలము.

ఏ పేరు వ్రాయవలెను? మనవారిలో కొందరికి బడి రికార్డులో ఒక పేరు, బాప్తిస్మపు రిజిస్టరులో ఒక పేరు, వీధిలో మరియొక పేరు. ఈ మూడింటిలో తనకు ఏది ఇష్టమో ఆ వ్యక్తినే అడుగుట మంచిది. ప్రతి గ్రామములోను ఒక ముసలమ్మ యుండును. ఊరంతయు ఆమెను ఫలానావాని తల్లి అనియే పిలుచును. కొడుకు గల్ఫు దేశమునకు పోయి యేండ్లయినను ఆమె పేరు అదియే. ఆమె సొంత పేరు సంఘములో ఎందరికి తెలియును? అడిగినయెడల ఆమెయే కొంచెము తడుముకొని చెప్పవచ్చును. మంచి కాపరి తన గొఱ్ఱెలను పేరుపెట్టి పిలుచునని యోహాను సువార్త 10వ అధ్యాయములో చదువుచున్నాము. బిళ్ల చేయుటకు పూనుకొన్న పిల్లలు ఆ పేరు కనుగొనుటకైనను ఆమె గుమ్మము ఎక్కుదురు.

చివరకు కష్టమైన పేరు ఒకటి మిగులును. గట్టు తగవుతో అన్నదమ్ములు ఏడేండ్లుగా మాటలాడుకొనని యిండ్లు మన సంఘములలో లేకపోలేదు. పిల్లవాడు కలము పట్టుకొని, చిన్నాన్న పేరు వ్రాయనా అని అడుగును. ఇంటిలో ఎవరును పలుకరు. ఏఫోదు రాళ్లను ఇక్కడ తలంచుకొనుడి. యోసేపును గుంటలో పడద్రోసి అమ్మిన అన్నల పేరులును యోసేపు పేరును ఒకే యాజకుని రొమ్ముమీద నిలిచినవి. తప్పు చేసినవాని పేరును మధ్యనుండి తీసివేయలేదు, తప్పు లేదనియు చెప్పలేదు.

కావున వ్రాయుమనియే చెప్పవలెను. అయితే ఆ బిళ్లను పిల్లవాని చేతికిచ్చి పంపి, సమాధానమైపోయినదని తండ్రి కూర్చుండరాదు. మత్తయి సువార్త 5వ అధ్యాయములో ప్రభువు అర్పణమును బలిపీఠము నొద్దనే విడిచి ముందుగా సహోదరునియొద్దకు వెళ్లుమనెను. అర్పణమునే సహోదరునియొద్దకు పంపుమని చెప్పలేదు. తండ్రి తానే గట్టు దాటి పోవలెను. కొలత గొలుసు పట్టించుటకు సిద్ధపడి పోవలెను.

తమ్ముడు తలుపు తీయకపోవచ్చును. అప్పుడు ఆ బిళ్లను తెచ్చి, మన యింటిలోనే, ఇంటివారి పేరుల మధ్య, పుట్టిన వరుసను వ్రేలాడదీయవలెను. పండుగ వెళ్లిన తరువాత మిగిలినవాటితోపాటు గుడ్డలో చుట్టి, పై యేటికి భద్రపరచవలెను.