వేరుతో సహా

బీరకాయ కోస్తే పాదుకేం కాదు, మర్నాడు మళ్ళీ పూస్తుంది. ముల్లంగి అలా కాదు, పీకామంటే మొక్కే పోతుంది! జనగామ పేరు జైనుల వల్లే వచ్చిందంటారు. దగ్గర్లోనే కొలనుపాక జైన మందిరం. మొక్కతోపాటు మట్టిలోని సూక్ష్మజీవులూ చస్తాయని జైనులు దుంపలు ముట్టరు. పెరట్లో నిలబడి ఆలోచిస్తే అది చాదస్తమనిపించదు. అయినా పప్పుచారులో ముల్లంగి ముక్క లేందే నాకు ముద్ద దిగదు.

మా అత్తమ్మ మడిలో అన్నిటికన్నా ఏపైన మొక్క జోలికి ఎవర్నీ పోనిచ్చేది కాదు. “అది విత్తనానికి” అనేది. పూసి, కాసి, ఎండేదాకా ఆ జానెడు నేలా దానిదే. మనం తినేది రెండో రకం.

ఇప్పుడు పాకెట్ విత్తనాలున్నాయి, అన్నీ పీకేసుకోవచ్చు. ఒక్కటీ వదలక్కర్లేదని తెలిశాక, మడి ఖాళీ చేస్తుంటే మీకేమీ అనిపించదూ?