ఉద్దాలకుడి ఇనుము, మా నాయన ఇనుము

కొత్తకోటలో కొలిమి పనోళ్ల ఇంట్లో పుట్టి మెటలర్జీ చదివినవాణ్ణి. ఛాందోగ్యోపనిషత్తు ఆరో అధ్యాయంతో నాకు పేచీ ఉంది. గోళ్లు తీసే కత్తి ఒక్కటి తెలిస్తే ఇనుప సామానంతా తెలిసినట్టేనని, మార్పు పేరుకేనని ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతుకు చెప్తాడు.

మా నాయన ఒప్పుకోడు. "బూడిదల సల్లారిస్తె వంగుతది, నీళ్లల్ల ముంచితె పలుగుతది. రెండూ ఒకటెట్లయితయి?" అంటాడు.

ఉక్కు అదే, కర్బనం అంతే. మెల్లగా చల్లారితే కర్బనం ఇనుముతో కలిసి వేరే పొరలుగా సర్దుకుంటుంది. ఒక్కసారిగా చల్లారితే బయటపడే వ్యవధి లేక స్ఫటికంలోనే ఇరుక్కుని దాన్ని ఒకవైపుకు సాగదీస్తుంది. గట్టిదనం, పెళుసుదనం రెండూ ఆ ఇరుకులోంచే వస్తాయి. అందుకే ముంచిన కొడవలికి మళ్లీ కాస్త సెగ చూపిస్తారు. నిజామాబాద్ దిక్కు కోనసముద్రం ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారని 1832లో అచ్చయిన బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త వాయ్‌సీ వ్యాసం చెబుతుంది. వాళ్లు వచ్చింది ఉత్త ఇనుము కోసమైతే కాదు.

ఉపనిషత్తు మాట్లాడేది ఉనికి గురించి, పదును గురించి కాదని వేదాంతులంటారు. సరే. కానీ కణాదుడి బాటలో నడిచిన వైశేషిక దార్శనికులు పోగులనే కాదు, పోగుల కలయికనూ బట్టకు కారణంగా లెక్కించారు; దానికి అసమవాయి కారణమని పేరు పెట్టారు. మగ్గాలున్న మా ఊళ్లో ఈ మాట ఎవరికైనా ఎక్కుతుంది. ఈ ఒక్క విషయంలో నా ఓటు కణాదుడికే.