ముందు ఎవరి జీతం?

ఇంటాయన జీతం ఆగిపోయిందని తెలిసిన రాత్రి ఇల్లాలు కాగితం, పెన్సిలు పట్టుకు కూర్చుంటుంది. అద్దె, పాలు, ఫీజులు, చీటీ వాయిదా... ఏది కొట్టేద్దామా అని వెతికితే పెన్సిలు మొట్టమొదట ఆగేది పనిమనిషి దగ్గర. "మన అంట్లు మనం తోముకుంటే చేతులేం అరిగిపోవు!" నిజమే, అరిగిపోవు. లేని డబ్బు ఎవరు మాత్రం ఎక్కణ్ణించి తెచ్చిస్తారు?

కాని చిత్రం చూడండి. పాలు తగ్గిస్తే మన కాఫీయే పల్చబడుతుంది. పనిమనిషిని మానిపిస్తే మనింట పడ్డ పిడుగే ఇంకో ఇంట పడుతుంది. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి బళ్ళు మూతపడ్డాక ఎందరో ప్రైవేటు టీచర్లకు జీతాలు ఆగాయి. 2021 ఏప్రిల్లో తెలంగాణ ప్రభుత్వం వాళ్ళకు 2000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇవ్వసాగింది. మంచిదే. మరి ఆ టీచరమ్మ ఇంట్లో గిన్నెలు తోమిన మనిషి? ఆ జాబితా టీచర్లది, అందులో ఆవిడెందుకుంటుంది!

అదే కాగితం మీద పెన్సిలు తాకని పద్దొకటుంది: వచ్చే నెల పెళ్ళిలో చదివింపులు, వెయ్యినూటపదహార్లు. తగ్గిస్తే నలుగురూ ఏమనుకుంటారు? పనిమనిషి ఏమనుకున్నా ఫరవాలేదన్నమాట.

"రేపట్నించి రావద్దు" అన్నందుకే కదా, ఆయనా మీరూ ఆ కంపెనీని తిట్టుకున్నారు? ఒక్క నెల ముందు చెప్పుంటే ఇంకోచోట చూసుకునేవాణ్ణని ఆయన అనే ఉంటారు. ఆ నెల గడువు ఆవిడకూ కావాలి. చదివింపులు నూటపదహార్లు చేస్తే ఆ పెళ్ళేం ఆగిపోదు.