తినని పంట ఎవరి బాకీ?

తొలకరి జల్లులు పడగానే కొందరు వరి రైతులు నాట్లకు ముందు చేలో పచ్చిరొట్ట పైరైన జీలుగ చల్లుతారు. ఎకరానికి 10–12 కిలోల విత్తనం సరిపోతుంది. 45–50 రోజులకు చేను ఏపుగా పెరిగి పూతకొస్తుంది. గింజ కట్టేదాకా ఆగరు. కాండం ముదిరి నారదేలితే త్వరగా చివకదు కాబట్టి పచ్చగా ఉండగానే దమ్ముచేసి బురదలో కలియదున్నుతారు. గింజ ఇంటికి రాదు, మేత పశువుకు చేరదు.

ఇది దానమా, యజ్ఞమా, లేక పెట్టుబడేనా?

దేవతలూ మనుషులూ ఒకరినొకరు పోషించుకోవాలని భగవద్గీత మూడో అధ్యాయం చెబుతుంది. అందుకున్నదాంట్లోంచి తిరిగి ఇవ్వకుండా అనుభవించేవాణ్ని దొంగ కింద లెక్కగడుతుంది. ఆ మాట హోమగుండం దగ్గరే ఆగిపోనక్కర్లేదు. వరి కోసిన ప్రతిసారీ గింజతో పాటు నత్రజని, భాస్వరం, పొటాష్ పొలం గట్టు దాటిపోతాయి. యూరియా నత్రజనిని తెస్తుందే గానీ, మట్టిలోని జీవరాశికి కావలసిన సేంద్రియ పదార్థాన్ని తేలేదు. జీలుగ రెండూ ఇస్తుంది.

మొక్కను పెకలించి, వేరు మీది బుడిపెను గోటితో చిదిమి చూస్తే లోపల గులాబీ ఎరుపు కనిపిస్తుంది. మన నెత్తుటిలోని హిమోగ్లోబిన్‌కు దగ్గరి చుట్టమైన లెగ్‌హిమోగ్లోబిన్ రంగు అది. అక్కడున్న రైజోబియం బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తుంది, మొక్క దానికి ఆహారం పెడుతుంది. గీత చెప్పిన ఇచ్చిపుచ్చుకోవడం ఆ బుడిపెలో జరిగిపోతూనే ఉంది.

కాబట్టి రైతు ఫలం ఆశించినంత మాత్రాన యజ్ఞం చెడదు. బాగా ఎదిగిన జీలుగ ఎకరాకు 20–25 కిలోల నత్రజని ఇవ్వగలదు. 45 కిలోల యూరియా బస్తాలో ఉండేది సుమారు 21 కిలోలే. ఆ మేరకు ఎరువు ఖర్చు తగ్గడం న్యాయమైన ప్రతిఫలం.

చిక్కంతా కౌలు దగ్గరే. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం కింద ఒప్పందం 11 నెలలకే. నత్రజనిలో కొంత వెంటనే వచ్చే వరికి అందుతుంది. నేల గుల్లబారాలన్నా, సేంద్రియ కర్బనం పెరగాలన్నా ఏళ్లు పడుతుంది. వచ్చే ఏడు ఆ చేను తనకు దక్కుతుందో లేదో తెలియని మనిషికి నిష్కామకర్మ బోధించడం అన్యాయం. నేలకు బాకీపడింది ఆయనొక్కడే కాదు. కౌలు బస్తాలు అందుకున్న యజమానీ, ఆ అన్నం తిన్న పట్నంవాళ్లూ బాకీదారులే. పచ్చిరొట్ట విత్తనాలకు ప్రభుత్వమిచ్చే రాయితీ అందరి తరఫునా కట్టే చిన్న వాయిదా. యజమాని వంతు ఇంకా మిగిలే ఉంది: అదే రైతుకు కనీసం మూడేళ్లు చేను వదలాలి, విత్తనం ఖర్చులో సగం పెట్టుకోవాలి. కౌలు ఎన్ని బస్తాలో తేల్చుకునే రోజునే ఈ రెండూ తేలాలి.