జగ్గయ్యపేట శాసనము, పెడన అచ్చు

చిల్లకల్లుకు పొరుగున, జగ్గయ్యపేటలో 1882లో పురాతత్త్వజ్ఞుడగు బర్జెస్ త్రవ్వించిన స్తూపమునకు, ఇక్ష్వాకు ప్రభువగు వీరపురుషదత్తుని 20వ రాజ్యవర్షమున, సిద్ధార్థుడను శిల్పి సర్వప్రాణుల హితసుఖములు కోరి తూర్పు ద్వారమున 5 ఆయకస్తంభములు, అనగా స్తూపపు అరుగుపై నిలుచు కంబములు, నిలిపెను. ఆ దానవాక్యము ఒక కంబముతో ముగియక మూడింటిమీద చెక్కబడినది. ఒకమారు పలికిన సంకల్పమును మరల మరల చెక్కుట ధర్మకార్యమా, వట్టి శరీరశ్రమయా?

బందరు సీమలో పెడన అద్దకపువారి చేతులలో ఈ ప్రశ్న నేటికిని సజీవముగా నున్నది. కరక్కాయ రసమునను పాలలోను తడిపి ఆరవేసిన నూలుగుడ్డపై, టేకుకర్రతో చెక్కిన అచ్చును రంగులో అద్ది, అంచునకు అంచు కలిపి పిడికిటితో మోదుదురు. తుప్పు ఇనుమును బెల్లపునీట ఊరవైచిన ద్రవము నలుపు నిచ్చును. పటికనీరు అద్దినచోట ఎరుపు అప్పుడే కానరాదు, రంగునీరు మరుగు కాగులో గుడ్డ ఉడికిన పిదపగాని అది వెలికిరాదు. కానరాని పువ్వును కన్నులారా చూచినట్లే నమ్మి వరుస తప్పక అద్దుచు పోవు ఆ చేతిని యాంత్రికమనుట నాకు మనసొప్పదు.

బంగారము నిలుచును, ఆభరణరూపములు మారునని చెప్పిన వైయాకరణుడగు పతంజలియే, ఆకృతి ఒకచోట నశించినంతమాత్రమున అంతటను నశించినట్లు కాదనియు, అది వేరొక ద్రవ్యమునందు కానవచ్చుననియు మహాభాష్యమున వాదించెను. అరిగిన అచ్చు పొయ్యిలోనికి పోయినను, దాని లత క్రొత్త కర్రపై మొలకెత్తుటను చూచువారికి ఈ వాదము శుష్కతర్కముగా తోచదు. ఆకృతి దేశములు దాటియు ఇట్లే నిలిచినది. 1663లో లండనున దినచర్య రచయిత సామ్యూల్ పెపిస్ తన భార్య గది గోడలకు కప్పుటకై హిందూదేశపు రంగుల నూలుగుడ్డ కొనెను. అట్టి అద్దకపుగుడ్డల వాడకమును 1721లో ఆంగ్లశాసనము నిషేధించినను, ఆ పూలతీగలు అక్కడి వస్త్రములమీదను గోడకాగితములమీదను అల్లుకొనుట మానలేదు.

అయినచో స్క్రీను ముద్రణమునను ఆకృతి అదియే గదా, అచ్చువానితో పనియేమని అడుగవచ్చును. భాష్యకారుని వాదము ఆకృతిని కాపాడునుగాని, కర్తను గూర్చి ఏమియు చెప్పదు. పుణ్యము ఆకృతికి చెందునది కాదు. ప్రతి మోపునందును మనస్సు నిలిపిన కర్తకు చెందును. సిద్ధార్థుని శాసనము తల్లిదండ్రులను, బంధువులను పేర్కొనినది; పెడన గుడ్డపై అద్దినవాని పేరుండదు. సర్వప్రాణుల హితము కోరిన దానమునకు పేరు అవసరమైనచో, పేరు కోరని ఈ పనిని అంతకు తక్కువదని నేననజాలను.